ప్రోగ్రామ్‌లోంచి రిజల్యూషన్ మార్చాను, బాబాయ్ స్క్రీన్ నల్లబడిపోయింది

సందేహాలరావు
పాత అకౌంట్స్ ప్రోగ్రామ్ ఒకటుంది. స్క్రీన్ 1024×768 కాకపోతే దాని బటన్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. సోర్స్ నా దగ్గర లేదు, రాసినాయన ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు, బాబాయ్ మాత్రం అది తప్ప ఇంకోటి ముట్టనంటాడు. సరేలే అని నేనే ఒక చిన్న లాంచర్ రాశాను: మొదలవగానే రిజల్యూషన్ 1024×768కి మార్చడం, పాత ప్రోగ్రామ్‌ని తెరవడం, అది మూసేశాక మళ్లీ మామూలు రిజల్యూషన్‌కి తేవడం. అంతే. నా సిస్టమ్‌లో నెల రోజులు పరీక్షించాను, ఒక్కసారి కూడా తేడా రాలేదు.

బాబాయ్ దగ్గర మొదటిసారి నొక్కగానే స్క్రీన్ నల్లగా అయి మధ్యలో "సిగ్నల్ పరిధి దాటింది" అని చిన్న పెట్టె తేలుతోంది. రీస్టార్ట్ చేస్తే బాగవుతుందనుకున్నా, చేశాక కూడా అదే. చివరికి ఇంకో మానిటర్ మోసుకెళ్లి తగిలించి మార్చాల్సొచ్చింది. ఇప్పుడాయన "నీ ప్రోగ్రామ్ నా టీవీని చంపేసింది" అని ఇంట్లో అందరికీ చెప్తున్నాడు. (అది టీవీ కాదు, మానిటర్. ఆ వాదన వేరే.)

విండోస్, సీ ప్లస్ ప్లస్. ఎక్కడ తప్పు చేశాను?

బగ్గులబుచ్చి
రీస్టార్ట్ తర్వాత కూడా అలాగే ఉందంటే మోడ్ మార్చే ఛేంజ్ డిస్‌ప్లే సెట్టింగ్స్ ఫంక్షన్‌కి సీడీఎస్ అప్‌డేట్ రిజిస్ట్రీ ఫ్లాగ్ (ఎలా మార్చాలో చెప్పే సూచన) పెట్టావన్నమాట. అవునా కాదా?

సందేహాలరావు
అవును. ఎక్కడో ఉన్న ఉదాహరణలో అలాగే ఉంది, కాపీ కొట్టాను.

బగ్గులబుచ్చి
దొరికాడు దొంగ. ఆ ఫ్లాగ్ అర్థం "ఈ మోడ్‌ని (రిజల్యూషన్, సెకనుకి తెర ఎన్నిసార్లు గీయాలో చెప్పే రిఫ్రెష్ రేట్, రెండూ కలిపి) ఈ యూజర్‌కి శాశ్వతంగా రాసిపెట్టు" అని. పని చేస్తుందో లేదో తెలియకముందే రాసిపెట్టేశావు. ఫ్లాగ్ దగ్గర సున్నా ఇస్తే మార్పు జరుగుతుంది కానీ రిజిస్ట్రీలోకి (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) ఎక్కదు, రీస్టార్ట్ చేస్తే పాతదే వస్తుంది. సీడీఎస్ ఫుల్‌స్క్రీన్ ఇస్తే ఇంకా మంచిది, అది తాత్కాలికమని విండోస్‌కే తెలుస్తుంది. నేను చూసినంతవరకు ఆ ఫ్లాగ్‌తో మార్చిన ప్రోగ్రామ్ మధ్యలో చచ్చిపోయినా విండోస్ తనే పాత మోడ్‌కి తెచ్చేస్తుంది.

నీ లాంచర్‌కి శాశ్వతంగా రాయాల్సిన పనే లేదు కదా. ఆ ఫ్లాగ్ పూర్తిగా పీకెయ్.

ఆటగాడు_404
మార్చేముందు సీడీఎస్ టెస్ట్ తో అడిగి చూడాలి బ్రో. అదే ఫంక్షన్, అదే డెవ్‌మోడ్ (కావాల్సిన మోడ్ వివరాల కట్ట), ఫ్లాగ్ ఒక్కటే టెస్ట్. స్క్రీన్ మారదు, వీలవుతుందో లేదో మాత్రం చెప్తుంది. సున్నా వస్తే సక్సెస్, మైనస్ 2 వస్తే ఆ మోడ్ లేదని. ఇది చేసుంటే బాబాయ్ దగ్గర పరువు దక్కేది.

సందేహాలరావు
చేశాను అన్నా! అదే కదా నా బాధ. టెస్ట్‌లో సున్నానే వచ్చింది. లాగ్ ఫైల్ చూశాను: 1024×768, 85 హెర్ట్జ్, టెస్ట్ పాస్, మార్పు పాస్. అన్నీ పాస్, తెర ఫెయిల్.

నల్లతెర
85 ఎక్కడినుంచి వచ్చింది? ఎల్‌సీడీ మానిటర్‌కి 1024×768లో 85 ఎందుకిచ్చావు?

సందేహాలరావు
లిస్టులో అన్నిటికంటే ఎక్కువ రిఫ్రెష్ రేట్ ఏదుంటే అది తీసుకోమని రాశాను. నా దగ్గర ఎక్కువ 75 వస్తుంది. ఎక్కువైతే మంచిదే కదా అనుకున్నా.

పిక్సెల్_పిచ్చి
"ఎక్కువైతే మంచిదే కదా" 😂 దీన్ని ఫ్రేమ్ కట్టించి గోడకి తగిలించుకోవాలి

నల్లతెర
నవ్వకండి, నేనూ అదే చేసినవాణ్ణే.

రావు, ఒకటి చెప్పు. బాబాయ్ మానిటర్‌కీ కంప్యూటర్‌కీ మధ్యలో ఏదైనా ఉందా? స్ప్లిట్టర్, స్విచ్, కన్వర్టర్ లాంటిది. డివైస్ మేనేజర్‌లో మానిటర్ పేరు ఏమని చూపిస్తోంది?

సందేహాలరావు
ఫోన్ చేసి కనుక్కున్నా. వీజీఏ స్ప్లిట్టర్ ఉంది, రెండో తెర లోపలి గదిలో పెట్టుకున్నాడట. డివైస్ మేనేజర్‌లో "జెనరిక్ నాన్ పీఎన్‌పీ మానిటర్" అని ఉంది.

నల్లతెర
అయిపోయింది, హంతకుడు దొరికాడు. మానిటర్ కాదు, ప్రోగ్రామ్ కూడా కాదు, ఆ స్ప్లిట్టర్.

ప్రతి మానిటర్ లోపల ఈడీఐడీ అని ఒక చిన్న పట్టిక ఉంటుంది, మూల భాగం 128 బైట్లు. నేనెవరు, నా అసలు రిజల్యూషన్ ఎంత, ఏయే మోడ్‌లు భరించగలను అన్నీ అందులో ఉంటాయి. కేబుల్‌లోనే ఉండే డీడీసీ తీగల మీదుగా గ్రాఫిక్స్ కార్డు దాన్ని చదువుకుంటుంది. పాత స్ప్లిట్టర్లు, చవక స్విచ్‌లు చాలావాటిలో ఆ తీగలు అవతలికి వెళ్లవు. కార్డుకి మానిటర్ ఉందని తెలుస్తుంది కానీ ఎవరో తెలీదు. అప్పుడు విండోస్ "ఎవరో ఒకరులే" అని సాధారణ మోడ్‌ల లిస్టు ఇచ్చేస్తుంది, అందులో పాత సీఆర్‌టీల (గాజు గొట్టం మానిటర్ల) కాలం నాటి 85 కూడా ఉంటుంది. నీ కోడ్ పోయి పోయి దాన్నే పట్టుకుంది.

టెస్ట్ పాస్ అంటే డ్రైవర్ ఒప్పుకుందని. ఎదురుగా ఉన్న అద్దం ఒప్పుకుందని కాదు. ఈ రెండూ ఒకటే అనుకున్నవాళ్లందరూ ఏదో ఒక రోజు మానిటర్ మోసినవాళ్లే.

ఆటగాడు_404
సరే ఒప్పుకుంటున్నా, టెస్ట్ ఒక్కటే చాలదు. కానీ అసలు చేయకపోవడం కంటే నయం, అది మాత్రం వదలను.

టెర్మినల్_తాత
మీరు "పరిధి దాటింది" అని పెట్టె చూసి ఏడుస్తున్నారు. మా రోజుల్లో పెట్టె ఉండేది కాదు, కీచుమని శబ్దం వచ్చేది. లినక్స్‌లో తెర నడిపే ఎక్స్‌ఫ్రీ86 కాన్ఫిగ్ ఫైల్‌లో హారిజాంటల్ సింక్ (సెకనుకి ఎన్ని గీతలు), వర్టికల్ రిఫ్రెష్ (సెకనుకి ఎన్నిసార్లు తెర) పరిధులు మనమే చేత్తో రాసుకోవాలి, తప్పు రాస్తే మానిటర్ పాడయ్యే ప్రమాదం ఉందని హెచ్చరికలు ఉండేవి. అవి ఊరికే భయపెట్టడానికి రాసినవి కావు. సీఆర్‌టీలో ఎలక్ట్రాన్ పుంజాన్ని పక్కలకి తిప్పే సర్క్యూట్ ఉంటుంది, దాని శక్తికి మించి పరుగెత్తిస్తే వేడెక్కి మాడిపోయేది.

లెక్క చెప్తాను వినండి. 1024×768 మోడ్ 60 హెర్ట్జ్‌లో సెకనుకి సుమారు 48 వేల గీతలు గీయాలి, 75లో 60 వేలు, 85లో దాదాపు 69 వేలు. చూడటానికి 60కీ 85కీ పెద్ద తేడా లేదు అనిపిస్తుంది కానీ గీతల లెక్కలో అది ఎక్కడికో పోతుంది. ఇప్పటి ఎల్‌సీడీలు తెలివైనవి, ముందే కొలిచి వద్దంటాయి. కాబట్టి రావూ, మీ బాబాయ్ గారి టీవీ చావలేదని చెప్పు.

సందేహాలరావు
మానిటర్ తాతా, మానిటర్. మీరు కూడానా.

రాత్రిపూట_కోడర్
అసలు విషయానికి ఎవరూ రాలేదు. విండోస్ సెట్టింగ్స్‌లో మీరు రిజల్యూషన్ మారిస్తే ఏం జరుగుతుంది? "ఈ మార్పులు ఉంచాలా" అని అడుగుతుంది, 15 సెకన్లలో ఎవరూ ఏమీ అనకపోతే తనే వెనక్కి వెళ్లిపోతుంది. ఇదే ఫంక్షన్‌ని మన ప్రోగ్రామ్ పిలిస్తే ఆ పెట్టె రాదు. ఆ పని మనదే. చాలామంది అది విండోస్ చూసుకుంటుందిలే అనుకుంటారు.

నేను చేసే పద్ధతి ఇది. ఇప్పుడున్న మోడ్‌ని ముందు గుర్తుపెట్టుకుంటా. తర్వాత టెస్ట్, తర్వాత తాత్కాలికంగా మార్పు. వెంటనే తెర మధ్యలో ఒక పెట్టె, టైమర్‌తో. ఉంచమని మనిషి నొక్కితేనే ఉంచడం, లేకపోతే వెనక్కి. శాశ్వతంగా రాయాల్సి వస్తే అది ఈ "ఉంచు" తర్వాతే, ముందు ఛస్తే కాదు.

ఇందులో నేను కాలు విరగ్గొట్టుకున్న చోటు ఒకటుంది. మొదటిసారి రాసినప్పుడు ఆ పెట్టెలో ఫోకస్ "ఉంచు" బటన్ మీద పెట్టాను. స్క్రీన్ నల్లబడితే మనిషి ఏం చేస్తాడు? కంగారులో ఎంటర్, స్పేస్, దొరికినవన్నీ టపాటపా కొడతాడు. ఎంటర్ తగలగానే కనిపించని పెట్టెలో "ఉంచు" నొక్కినట్టు అయిపోయింది. అప్పట్నుంచి ఫోకస్ ఎప్పుడూ "వద్దు" మీదే. ఇంకా చెప్పాలంటే "ఉంచు" కేవలం మౌస్‌తోనే నొక్కాలి అని పెడతా, కళ్లకి కనిపించనివాడు మౌస్‌తో దాన్ని పట్టుకోలేడు కదా.

నల్లతెర
మౌస్‌తోనే అంటే కంటిచూపు లేనివాళ్లు, స్క్రీన్ రీడర్ వాడేవాళ్లు ఏం చేయాలి? వాళ్లు కీబోర్డ్‌తోనే తిరుగుతారు. ఫోకస్ "వద్దు" మీద పెట్టడం సరిపోతుంది, ట్యాబ్ నొక్కి వెళ్లే దారి మూసేయకు.

రాత్రిపూట_కోడర్
ఇది నిజంగా తట్టలేదు. మారుస్తా.

కూల్_కేబుల్
@నల్లతెర చెప్పినదానికి ఒకటి కలుపుతున్నా. ఈడీఐడీ సరిగ్గా వచ్చినా కేబుల్ దగ్గర దెబ్బ తినొచ్చు. 1920×1080, 60 హెర్ట్జ్ అంటే కనిపించే పిక్సెల్‌లే కాదు, అంచుల్లో ఖాళీ సమయం కూడా కలిపి 2200×1125 పంపాలి. దాన్ని 60తో హెచ్చవేస్తే 148.5 మెగాహెర్ట్జ్ పిక్సెల్ క్లాక్ (సెకనుకి పంపే పిక్సెల్‌ల లెక్క). సింగిల్ లింక్ డీవీఐ కేబుల్ హద్దు 165, అందుకే అక్కడికి సరిపోతుంది. అదే 4కే 60 హెర్ట్జ్ అయితే 594. హెచ్‌డీఎంఐ 1.4 హద్దు 340, కాబట్టి అది 30 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. 60 కావాలంటే 2.0 ఉండాలి.

మానిటరూ కార్డూ రెండూ 2.0 అయి మధ్యలో కేబుల్ పాతదైతే? హెచ్‌డీఎంఐ 2.0 వరకూ కార్డు తీగని ముందే పరీక్షించకుండా గుడ్డిగా పంపుతుంది. డిస్‌ప్లేపోర్ట్ నయం, ముందు లింక్ ట్రైనింగ్ చేసి తీగ ఎంత భరిస్తుందో చూసుకుంటుంది. అందుకే టెస్టులు ఎన్ని పెట్టినా చివరి సాక్షి కుర్చీలో కూర్చున్న మనిషే. టైమర్ తప్పదు.

డిస్కోలైట్
నా కథ వినండి. ప్రోగ్రామ్‌లో 60 అడిగాను, మార్చాక నిజంగా మారిందా అని తిరిగి చదివితే 59 వచ్చింది. "మారలేదు, మళ్లీ ప్రయత్నించు" అని లూప్ రాశాను. స్క్రీన్ మూడు సెకన్లకోసారి ఆరుతూ వెలుగుతూ, ఆరుతూ వెలుగుతూ. నా హ్యాండిల్‌కి కారణం అదే.

పిక్సెల్_పిచ్చి
నేను ఇన్నాళ్లూ డ్యాన్స్ చేస్తావనుకున్నా

కూల్_కేబుల్
అది 59.94. టీవీల లెక్కలో 60 అంటే 60,000ని 1001తో భాగిస్తే వచ్చేది. డెవ్‌మోడ్‌లో ఫ్రీక్వెన్సీ పూర్ణసంఖ్య, దశాంశాలకి చోటు లేదు, కాబట్టి 59 అని చూపిస్తుంది. విండోస్ 7 నుంచే టీవీ టైమింగులు చెప్పే తెరల మీద 60 ఎంచుకున్నా 59 దగ్గర ఉండిపోవడం మామూలే, అది లోపం కాదు. పోల్చేటప్పుడు 59, 60 ఒకటే అనుకో. 23, 24 అంతే, 29, 30 అంతే. ఖచ్చితంగా కావాలంటే క్వెరీ డిస్‌ప్లే కాన్ఫిగ్, సెట్ డిస్‌ప్లే కాన్ఫిగ్ అనే ఫంక్షన్లు వాడు, వాటిలో లవం, హారం విడివిడిగా వస్తాయి.

సినిమాపురుగు
ఈ తేడా సినిమాలు చూసేవాళ్లకి చాలా ముఖ్యం. 23.976 ఫ్రేముల వీడియోని సరిగ్గా 24 హెర్ట్జ్‌లో ఆడిస్తే దాదాపు 42 సెకన్లకి ఒక ఫ్రేమ్ తేడా వచ్చి చిన్న కుదుపు కనిపిస్తుంది. 60లో ఆడిస్తే ఒక ఫ్రేమ్ రెండుసార్లు, తర్వాతది మూడుసార్లు, కెమెరా పక్కకి తిరిగినప్పుడల్లా గునుస్తుంది. నేను వాడే కోడి (Kodi) అనే వీడియో ప్లేయర్‌లో వీడియోకి తగ్గట్టు రిఫ్రెష్ రేట్ మార్చుకునే సెట్టింగ్ ఉంది, అది పెట్టుకున్నా.

మా ఇంట్లోవాళ్లకి మాత్రం ఆ తేడా ఎవరికీ కనిపించదు. పాటకీ పాటకీ మధ్య స్క్రీన్ రెండు సెకన్లు ఆరడం మాత్రం అందరికీ కనిపిస్తుంది.

యాపిల్_కాదు_జామ
మ్యాక్‌లో ఈ గొడవంతా తక్కువ. మార్పుల్ని ఒక కట్టగా కట్టి, చివర్లో ఇది ఎంతసేపు ఉండాలో చెప్పొచ్చు: ఈ యాప్ ఉన్నంతసేపా, లాగిన్ ఉన్నంతసేపా, శాశ్వతమా. "ఫర్ యాప్ ఓన్లీ" అని ఇస్తే యాప్ ఎలా చచ్చినా సిస్టమే వెనక్కి తెస్తుంది.

టెర్మినల్_తాత
లినక్స్‌లో ఎక్స్ (తెర నడిపే పాత వ్యవస్థ) వాడుతుంటే ఎక్స్‌ర్యాండర్ కమాండ్. కొత్త మోడ్ కమాండ్, దాని తర్వాత సెమీకోలన్, స్లీప్ 15, మళ్లీ సెమీకోలన్, పాత మోడ్ కమాండ్. మూడూ ఒకే గీతలో కొట్టి ఎంటర్. బాగుంటే కంట్రోల్ సీ కొట్టి ఆపేస్తావు, నల్లబడితే చేతులు కట్టుకుని కూర్చుంటావు. రాత్రిపూట కోడర్ అన్న టైమర్ పెట్టె ఇదే, నాది ఒక లైను.

ఎక్స్ బదులు వచ్చిన వేలాండ్‌లో ఇది కుదరదు. మామూలు యాప్‌కి మోడ్ మార్చే హక్కే లేదు, అది విండోలన్నీ కలిపి తెర మీద చూపించే కంపోజిటర్ పని. పాత ఆటలు ఎక్స్‌వేలాండ్ (ఎక్స్ యాప్‌లని వేలాండ్‌లో నడిపేది) ద్వారా మార్చమని అడిగితే మార్చినట్టు నటించి బొమ్మని సాగదీసి చూపిస్తుంది, అంతే. మొదట్లో తిట్టుకున్నాను కానీ ఆలోచిస్తే అదే సరైన పద్ధతి.

ఆటగాడు_404
అదే నేననేది కూడా. అసలు ఈ కాలంలో మోడ్ మార్చడం దేనికి? ఆట లోపల చిన్న సైజులో గీసి తెర నిండా సాగదీస్తే సరి. ఆల్ట్ ట్యాబ్ కొడితే ఆగదు, రెండో మానిటర్‌లో విండోలు చెల్లాచెదురు కావు.

డెస్క్‌టాప్_ఐకాన్లు
చెల్లాచెదురు అన్నారు కాబట్టి నా గోడు. ఎవరైనా 1024×768కి మార్చి వెనక్కి తెచ్చారంటే నా ఐకాన్లన్నీ ఎడమ మూలకి గుంపుగా చేరిపోయి ఉంటాయి. వరసగా సర్దుకోడానికి అరగంట. రిజల్యూషన్ మార్చే ప్రోగ్రాములు రాసేవాళ్లందరికీ నా శాపం.

సందేహాలరావు
@ఆటగాడు_404 ఆట అయితే సరే. ఇది నాది కాదు, సోర్స్ లేదని మొదటి పోస్టులోనే చెప్పాను. కంపాటిబిలిటీ ట్యాబ్‌లో 640×480 ఒక్కటే ఉంది, అందులో ఆ ప్రోగ్రామ్ సగం బయటికి పోతుంది. మార్చక తప్పదు.

@డెస్క్‌టాప్_ఐకాన్లు క్షమించాలి.

బగ్గులబుచ్చి
ఇంకో గొయ్యి. "ఇప్పుడున్న మోడ్" దేనితో చదువుతున్నావు? నేను ఒకసారి గెట్ సిస్టమ్ మెట్రిక్స్ ఫంక్షన్‌తో చదివాను. ల్యాప్‌టాప్ 1920×1080, స్కేలింగ్ 150 శాతం. నా ప్రోగ్రామ్‌కి డీపీఐ (స్కేలింగ్) సంగతి తెలీదని విండోస్ నాకు 1280×720 అని అబద్ధం చెప్పింది. మూసేటప్పుడు నేను నిజాయితీగా 1280×720కి "పునరుద్ధరించాను". ఎన్యూమ్ డిస్‌ప్లే సెట్టింగ్స్ వాడు, అది అసలు పిక్సెల్‌లే చెప్తుంది. డెవ్‌మోడ్‌లో డీఎమ్ సైజ్ (ఆ కట్ట ఎన్ని బైట్లో) నింపడం మర్చిపోకు, మర్చిపోతే ఏ చెత్త వస్తుందో చెప్పలేం.

ఇంకా సులువైన దారి: వెనక్కి తేవాలంటే డెవ్‌మోడ్ బదులు నల్ (అంటే ఖాళీ) ఇచ్చి, ఫ్లాగ్ సున్నా ఇవ్వు. రిజిస్ట్రీలో ఉన్నదానికి అదే వెళ్లిపోతుంది. నువ్వు రిజిస్ట్రీని ముట్టుకోకపోతేనే ఇది పనికొస్తుంది సుమా.

రాత్రిపూట_కోడర్
పాత ప్రోగ్రామ్ క్రాష్ అయితే పర్వాలేదు, లాంచర్ చూసుకుంటుంది. లాంచరే క్రాష్ అయితే? నేనైతే రెండో చిన్న ప్రాసెస్ ఒకటి పెడతా. దానికి ఒకటే పని: లాంచర్ ప్రాసెస్ మీద కాపలా కాయడం, అది చచ్చిన మరుక్షణం నల్‌తో వెనక్కి తేవడం.

బగ్గులబుచ్చి
ఒక అకౌంట్స్ ప్రోగ్రామ్‌కి కాపలాదారుకి కాపలాదారా. సీడీఎస్ ఫుల్‌స్క్రీన్ పెడితే చాలన్నాను కదా.

రాత్రిపూట_కోడర్
బాబాయ్ ఫోన్ చేసేది నీకు కాదు కదా, రావుకి.

సందేహాలరావు
రెండూ పెడుతున్నా, కొట్టుకోకండి. ఇంకొకటి, మళ్లీ ఎప్పుడైనా నల్లబడితే మానిటర్ మోయకుండా బయటపడే దారి ఉందా?

నల్లతెర
రిజిస్ట్రీలో రాయకపోతే పవర్ బటన్‌తో ఆపి మళ్లీ వేస్తే చాలు. రాసేసి ఉంటే రికవరీ మెనూలోకి వెళ్లి స్టార్టప్ సెట్టింగ్స్‌లో 3 నొక్కు, తక్కువ రిజల్యూషన్‌లో లేస్తుంది. ఆ మెనూ నీ సెట్టింగ్ అమల్లోకి రాకముందే వస్తుంది కాబట్టి మామూలుగా కనిపిస్తుంది. లోపలికెళ్లాక సరైన మోడ్ పెట్టుకో.

రిఫ్రెష్ రేట్ సంగతి: "అన్నిటికంటే ఎక్కువ" తీసెయ్. 60 ఉంటే 60, లేకపోతే 59. అది కూడా లేకపోతే మార్చకుండా ఊరుకో. మానిటర్ ఎవరో తెలియని చోట 60 దాటకూడదని నా నియమం.

సందేహాలరావు
అప్‌డేట్. మొత్తం తిరగరాశాను. 60 మాత్రమే, తాత్కాలిక ఫ్లాగ్, 15 సెకన్ల పెట్టె, ఫోకస్ "వద్దు" మీద, కాపలా ప్రాసెస్. నిన్న బాబాయ్ దగ్గర పెట్టాను. స్ప్లిట్టర్‌తోనే 1024×768 చక్కగా వచ్చింది.

ఆయన "ఇదేంటో రాశావు" అని కళ్లజోడు కోసం జేబులు తడుముకునేలోపు 15 సెకన్లు అయిపోయి వెనక్కి వెళ్లిపోయింది. మళ్లీ నొక్కాడు. ఈసారి కళ్లజోడు ఉంది, పైనుంచి కింద దాకా తీరిగ్గా చదివాడు, మళ్లీ వెళ్లిపోయింది. మూడోసారి నన్ను చూసిన చూపు ఇక్కడ రాయలేను.

పిక్సెల్_పిచ్చి
😂😂😂

కూల్_కేబుల్
మానిటర్ కొత్త సిగ్నల్ పట్టుకోడానికే రెండు మూడు సెకన్లు తింటుంది, నీ 15లో అవి కూడా పోతున్నాయి. 30 పెట్టు. ఒకసారి "ఉంచు" అన్నాక ఆ మోడ్‌ని నీ సొంత ఫైల్‌లో గుర్తుపెట్టుకో, మానిటర్ మారకపోతే మళ్లీ అడగక్కర్లేదు.

రాత్రిపూట_కోడర్
పెట్టెలో ఎన్ని మాటలు రాశావు అసలు?

సందేహాలరావు
ఆరు లైన్లు. రిఫ్రెష్ రేట్ అంటే ఏంటో కూడా వివరించాను.

ఇప్పుడు "బాగా కనిపిస్తోందా?" అని మాత్రమే ఉంది, 30 సెకన్లు. పొద్దున్న మొదటిసారికే నొక్కాడు. టీవీ బాగైందని ఇంట్లో చెప్పాడట.